బుడతడి గుప్పిట్లో గుమ్మడి

తీపి లేకుండా, కూరగాయల తురుముతో కాల్చే చిట్టి స్కోన్లు బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చంటిపిల్లల చిరుతిండి. అక్కడున్న మన ఇళ్ళలోకీ వచ్చేశాయి. ఓవెన్ లేకున్నా పెనం మీద అవుతాయి. వాటి పుట్టుక, పాకం, పిల్లల నోటితో వాటికున్న లెక్క ఈ వారం ముఖచిత్ర కథనం.

ఆస్ట్రేలియాలో గుమ్మడికాయ స్కోన్ల పేరెత్తితే నడివయసు దాటినవాళ్ళకు ఠక్కున గుర్తొచ్చేది ఒక రాజకీయ కుటుంబం. క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి 1968 నుంచి 1987 దాకా ప్రీమియర్‌గా, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రిగా, చక్రం తిప్పిన జో బ్యెల్కి-పీటర్సన్ భార్య ఫ్లో ఈ స్కోన్లకు పెట్టింది పేరు. ఆవిడా తక్కువ మనిషేం కాదు, 1981 నుంచి 1993 దాకా సెనేటర్. భర్త పాలన మీద వచ్చిన ఆరోపణలు అన్నీ ఇన్నీ కావు. వాటి మధ్య కూడా ఆవిడ వంటింటి పేరు చెక్కుచెదరలేదు. 2017లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూసినప్పుడు సంతాప వార్తల్లో సెనేట్ పక్కనే గుమ్మడికాయా చోటు చేసుకుంది. వాళ్ళుండే కింగరాయ్ పట్టణం వేరుశనగకు ప్రసిద్ధి. ఎర్రనేల, శనక్కాయ చేలు. అనంతపురం మనిషిని తీసుకెళ్ళి దింపితే పెద్దగా బెంగపడడు.

ఆవిడ పేరు మీద చలామణీ అయ్యే పద్ధతిలో మెదిపిన గుమ్మడి ఒక కప్పు, సెల్ఫ్ రైజింగ్ పిండి రెండు కప్పులు, ఒక గుడ్డు, కాస్త వెన్న, అరకప్పు పంచదార ఉంటాయి. ఆ పంచదార తీసేసి గుప్పెడు చీజ్ తురుము, కాస్త కొత్తిమీర వేస్తే ఏడాది దాటిన బిడ్డ చేతికి ఇవ్వదగ్గ తిండి అవుతుంది. తీసేయాల్సింది పంచదారను. గుమ్మడిని మాత్రం బిడ్డ కంటికి కనబడేలా ఉంచాలి. ఈ రెండో మాట దగ్గరే చాలామంది తల్లులతో నాకు పేచీ. దాని సంగతి కాస్త ఆగి చెప్పుకుందాం.

పెనం మీద పుట్టింది

స్కోన్‌ ఎరగనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, బన్నుకు తక్కువ, బిస్కెట్‌కు ఎక్కువ. ఈస్ట్ ఉండదు, పులియబెట్టే పని లేదు. పిండి కలపడం మొదలెట్టిన అరగంటకు ట్రే బయటికొస్తుంది. పైన పల్చటి పెచ్చు, లోపల పొరలు పొరలుగా విడిపోయే మెత్తదనం. ఇంగ్లండ్ టీ దుకాణాల్లో దీన్ని జామ్‌తో, గట్టి మీగడతో తింటారు. ముందు మీగడ రాయాలని డెవన్ వాళ్ళూ, ముందు జామ్ రాయాలని కార్న్‌వాల్ వాళ్ళూ ఏళ్ళ తరబడి తగువాడుకుంటున్నారు. ఆ పంచాయితీ మనకెందుకు?

మనకు కావలసిన పాయ స్కాట్లండ్‌ది. ఓవెన్లు లేని కాలంలో అక్కడి ఇళ్ళలో పొయ్యి మీద వేలాడదీసిన గుండ్రటి ఇనప పెనం మీదే స్కోన్లు కాల్చేవారు. పిండిని రొట్టెలా ఒత్తి, నాలుగు పలకలుగా కోసి, రెండువైపులా తిప్పేవారు. ఉడికిన బంగాళాదుంప మెదిపి, దానికి పట్టినంత పిండి, కాస్త వెన్న కలిపి పల్చగా కాల్చే ‘టాటీ స్కోన్’ ఇవాళ్టికీ స్కాట్లండ్ పొద్దుటి పళ్ళెంలో ఉంటుంది. అంటే కూరగాయలతో స్కోన్ చేయడమన్నది ఈమధ్య మొదలైన ఆరోగ్య యావ కాదు, పాత పేదింటి తెలివి.

రెండో ప్రపంచ యుద్ధం ఆ తెలివిని సర్కారు బాట పట్టించింది. 1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్న, పంచదార, బేకన్ రేషన్‌లోకి వెళ్ళాయి. గోధుమ ఓడల మీద రావాలి, ఓడలను జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్నాయి. పెరట్లో పండే బంగాళాదుంపకీ క్యారెట్‌కీ రేషన్ లేదు. ఆహార మంత్రి లార్డ్ వూల్టన్ శాఖ ‘పొటాటో పీట్’, ‘డాక్టర్ క్యారెట్’ అని బొమ్మ పాత్రలు పుట్టించి, పిండిలో కొంత తగ్గించి దుంప కలుపుకోమని కరపత్రాలు పంచింది. ఆ రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లో. ఆ లోపు ఒక తరం పిల్లలు దుంప కలిసిన రొట్టెలూ స్కోన్లూ తిని పెరిగారు.

ఓవెన్‌లో ఇంత ఎత్తున పొంగే స్కోన్ రావడానికి మాత్రం బేకింగ్ పౌడర్ పుట్టాల్సి వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు ఈస్ట్ పడదు, గుడ్డూ పడదు. ఆవిడ కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. రెండేళ్ళకు బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ ఆ పొడిని ముందే కలిపేసిన సెల్ఫ్ రైజింగ్ పిండికి పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో ఒకరికి తిండి పడకపోతే ఆ ఇంటి వంట ఎలా మారుతుందో చంటిపిల్లలున్న వాళ్ళకు వేరే చెప్పాలా?

‘‘తినడం మానేశాడండీ’’

పిల్లల డాక్టర్ల దగ్గర ఏడాదిన్నర బిడ్డల తల్లులు చెప్పే మొదటి ఫిర్యాదు ఇదే. మొన్నటిదాకా గిన్నెడు పప్పన్నం తిన్నవాడు ఇప్పుడు రెండు ముద్దలకే మూతి తిప్పేస్తున్నాడని. అసలు సంగతి లెక్కలో ఉంది. పుట్టినప్పటి బరువుకు మొదటి పుట్టినరోజు నాటికి దాదాపు మూడింతలవుతుంది. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గింది, ఆకలీ తగ్గింది. బిడ్డ తన ఒంటి మాట వింటున్నాడు. మనమే గాభరాపడి పాలసీసా అందిస్తాం. రోజుకు అరలీటరు దాటి పాలు తాగే పిల్లవాడికి అన్నం మీదికి మనసు పోదు, పాలలో ఇనుమూ పెద్దగా ఉండదు. ఆ తర్వాత ఫోను తెరిచి, బొమ్మలు చూపించి, నోరు తెరిచినప్పుడల్లా ముద్ద కుక్కడం. ఒకప్పుడు చందమామను చూపించేవాళ్ళం కదా అంటారు. చందమామ తనంతట తాను పాటలు మార్చదు, పిల్లవాడి కళ్ళు కాసేపటికి మళ్ళీ గిన్నె మీదికి, అమ్మ చేతి మీదికి వచ్చేవి.

ఇదే వయసులో ఇంకో మార్పు. కొత్త తిండి కనబడితే అనుమానం. నడక వచ్చిన బిడ్డ అమ్మ కళ్ళుగప్పి ఏ ఆకో కాయో నోట్లో పెట్టుకోగలడు; ఎరగనిదాన్ని అనుమానించే గుణం అతన్ని కాపాడటానికే వచ్చిందని శాస్త్రవేత్తల ఊహ. ముఖ్యంగా ఆకుపచ్చ రంగు, చేదు రుచి అంటే గిట్టదు. అమెరికాలో లియాన్ బర్చ్ అనే మనస్తత్వవేత్త 1980ల్లో చిన్నపిల్లల మీద దీన్ని ఓపిగ్గా పరిశీలించింది. కొత్త పదార్థాన్ని ఎన్నిసార్లు రుచి చూస్తే అంతగా ఇష్టం పెరిగింది. ఊరికే కంటితో చూపిస్తే కంటికి అలవాటైంది కానీ నాలుకకు కాలేదు. నోట్లో పడాల్సిందే, అదీ ఒకసారి కాదు, కొందరు పిల్లలకు పది పదిహేనుసార్లు. మన ఇళ్ళలో మూడోసారికే ‘‘మావాడికి బీరకాయ పడదు’’ అని తీర్పు చెప్పేస్తాం.

ఇక్కడే నా పేచీ. కూరగాయను మెత్తగా రుబ్బి, రంగు తెలియకుండా చాక్లెట్ కేకులో కలిపి పెట్టేసే పద్ధతి ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దానివల్ల ఆ పూట కడుపులోకి కూర కొంచెం ఎక్కువ వెళుతుందనడంలో సందేహం లేదు, దాని మీద పరిశోధనలూ ఉన్నాయి. కానీ బిడ్డకు తెలిసింది చాక్లెట్ కేకు. పాలకూర మళ్ళీ పళ్ళెంలో పాలకూరలా కనబడితే అతనికి అది కొత్తదే, అనుమానించాల్సిందే. పైగా ఎప్పుడో ఒకనాడు కేకులో పచ్చటి పీచు బయటపడుతుంది, ఆ రోజుతో కేకు మీదా నమ్మకం పోతుంది.

స్కోన్ ఈ విషయంలో నిజాయితీపరురాలు. నారింజ రంగు గుమ్మడి చారలు, ఆకుపచ్చ పాలకూర మచ్చలు, క్యారెట్ పోగులు పైకే కనబడతాయి. చుట్టూ ఉన్నది వెన్న, చీజ్ వాసనతో తెలిసిన రొట్టె రుచి. తెలిసినదాని భుజం మీద ఎక్కి తెలియనిది వస్తుంది. పిల్లవాడు ఒక పోగు లాగి చూస్తాడు, నలుపుతాడు, కింద పారేస్తాడు, ఇంకోటి నోట్లో పెడతాడు. ఇల్లంతా పొడి. అయినా గుప్పిట్లో పట్టిన తిండి తనది, ఎంత తినాలో తేల్చుకునేదీ తనే. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ పని, ఎంత తినాలన్నది బిడ్డ పని అని అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఎప్పటినుంచో చెబుతూ వచ్చింది. మన అమ్మమ్మలకు ఈ సూత్రంలో రెండో సగం అస్సలు రుచించదు.

పిండి చల్లగా, చెయ్యి తేలిగ్గా

ఇక వంట. పదహారు చిట్టి స్కోన్లకు పావుకిలో పిండి. సగం మైదా, సగం గోధుమపిండి తీసుకుంటే పీచు ఉంటుంది, మెత్తదనమూ పోదు. మొత్తం గోధుమపిండైతే బిగుసుకుపోతాయి. అందులో తలగొట్టిన మూడు చెంచాల బేకింగ్ పౌడర్ కలిపి జల్లించాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ఉప్పులేని వెన్న 50 గ్రాములు ముక్కలు కోసి పిండిలో వేసి, వేళ్ళ కొసలతో మాత్రమే నలపాలి. అరచెయ్యి తగిలితే వెన్న కరిగిపోతుంది. అంతా ఉప్మారవ్వలా కనబడాలి, అక్కడక్కడా కందిపప్పంత వెన్న పలుకులు మిగిలినా మంచిదే. ఓవెన్ వేడికి ఆ పలుకుల్లోని నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది. మన విజయవాడ ఎండల్లో అయితే వెన్నను గట్టిగా గడ్డకట్టించి తురిమేయడం మేలు.

గుమ్మడిలో ఉండేది చాలామటుకు నీరే. కుక్కర్లో ఉడికిస్తే ఇంకాస్త తాగుతుంది, ఆ ముద్ద పిండిలో పడితే జావే. ముక్కల్ని ఓవెన్లో కాల్చో, మూత లేని మూకుడులో నీరు ఇగిరేదాకా మగ్గించో, చల్లార్చి ఫోర్కుతో సగం సగంగా మెదపాలి. పూర్తిగా గుజ్జు చేయకండి, ముక్క కనబడాలి. ముప్పాతిక కప్పు చాలు. ఆస్ట్రేలియాలో ‘క్వీన్స్‌లాండ్ బ్లూ’ అనే రకం దొరుకుతుంది, తోలు బూడిదరంగులో ఉంటుంది. మనవాళ్ళు కొత్తగా వెళ్ళినప్పుడు వడియాలకు పనికొస్తుందనుకుని కొని, కోశాక లోపలి పసుపు చూసి ఆశ్చర్యపోతారు. గుమ్మడి బదులు క్యారెట్ సన్నటి తురుమైనా సరే. పాలకూర అయితే ఒక్క నిమిషం వేడినీళ్ళలో వాడ్చి, గుడ్డలో మూటగట్టి పిండి, తరగాలి. జుకినీ అయినా, సొరకాయ అయినా తురిమి నీళ్ళు పిండందే పిండిలో వేయకూడదు. పచ్చిబఠాణీ, మొక్కజొన్న గింజలు చంటిపిల్లలకు గుండుగా వెళ్ళకూడదు, గరిటె వెనకతో చితక్కొట్టాలి. పచ్చి క్యారెట్ ముక్క గొంతుకు అడ్డం పడేది, తురిమి కాలిస్తే ఆ భయం లేదు.

కూర, 75 గ్రాముల చీజ్ తురుము, గుప్పెడు కొత్తిమీర, చిటికెడు జీలకర్ర పొడి వేసి, పిండి మధ్యలో గుంట చేసి చల్లటి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కత్తితో కలపాలి. కత్తితోనే, చేత్తో వద్దు. చపాతీ పిండిలా మర్దించే అలవాటు మన చేతుల్లో పాతుకుపోయింది, దాన్ని ఆ పది నిమిషాలు పక్కనబెట్టాలి. నలిపినకొద్దీ గోధుమలోని జిగురు సాగుతుంది, స్కోన్ రబ్బరవుతుంది. ఇంకాస్త తడిగా, చేతికంటుకునేట్టు ఉందనిపించినప్పుడే ఆపేయండి. పొడిపిండి చల్లిన బల్లమీద వేసి రెండుసార్లు మడిచి, రెండు సెంటీమీటర్ల మందాన తట్టాలి. గ్లాసు అంచుకు పిండి అద్ది తిన్నగా కిందికి నొక్కాలి, తిప్పకూడదు. తిప్పితే అంచు మూసుకుపోయి స్కోన్ ఒకవైపుకు ఒరుగుతుంది. ట్రేలో ఒకదానికొకటి ఆనించి పెడితే పక్కలు మెత్తగా ఉంటాయి, పైకి లేస్తాయి. పిల్లలకైతే అలాగే కావాలి. 220 డిగ్రీల వేడిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. తీసీతీయగానే పల్చటి గుడ్డలో చుట్టేస్తే లోపలి ఆవిరికి పెచ్చు మెత్తబడుతుంది, దవడపళ్ళు రానివాళ్ళూ నమలగలరు.

వెన్న వేయడం రుచి కోసమే కాదు. గుమ్మడిలోని, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడుండాలి. విటమిన్-ఏ లోపంతో పిల్లల చూపు పోకుండా మన దేశంలో పెద్ద మోతాదు చుక్కల పథకం 1970లో మొదలైంది. దాని వెనక హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. అయితే స్కోన్ తింటే రక్తహీనత పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. అది ఒక చిరుతిండితో తీరే లోటు కాదు, పప్పూ గుడ్డూ మాంసమూ ఆకుకూరా అన్నీ కావాలి. పిండిలో నాలుగో వంతు శనగపిండి కలుపుకుంటే ఈ స్కోన్ కూడా తన వంతు కాస్త సాయం చేస్తుంది.

పౌడర్‌లో ఉప్పేమిటే!

2021 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 59 వేల మంది. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ లాంటి చోట్ల కాన్పుకనీ, మనవల్ని చూసుకోవడానికనీ వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు పార్కుల్లో కనబడతారు. పిల్లల్ని పంపే చైల్డ్‌కేర్‌లలో పల్లీలు, జీడిపప్పు లాంటివి తేవద్దనే నియమం చాలాచోట్ల ఉంది. పల్లీ చిక్కీ, సున్నుండల్లో జీడిపప్పు అన్నీ ఇంటికే పరిమితం. డబ్బాలో పెట్టడానికి ఈ స్కోన్లు అలా చొరబడ్డాయి. ఆ వంటింట్లో జరిగే మాటలు దాదాపు ఏ ఇంట్లో చూసినా ఒకలాగే ఉంటాయి.

‘‘అమ్మా, వాడివాటిల్లో ఉప్పు వెయ్యొద్దన్నాను కదా!’’

‘‘ఉప్పు లేకుండా ఎలా తింటాడే? నిన్ను ఉప్పు లేకుండానే పెంచానా?’’

‘‘చీజ్‌లో ఉందమ్మా. పౌడర్‌లోనూ ఉంది.’’

‘‘పౌడర్‌లో ఉప్పేమిటే, విడ్డూరం కాకపోతే!’’

విడ్డూరమేం కాదు. బేకింగ్ పౌడర్‌లో ఉండే సోడా సోడియందే. ఒక చెంచాలో 400 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది, రెండున్నరతో హెచ్చిస్తే గ్రాము ఉప్పుకు సమానం. మూడు చెంచాలకు మూడు గ్రాములు దాటుతుంది. 75 గ్రాముల చెడ్డార్ చీజ్‌లో ఇంకో గ్రామున్నర దాకా. పదహారింటికి పంచితే ఒక్కో స్కోన్‌కు సుమారు 0.3 గ్రాములు. ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజు మొత్తానికి రెండు గ్రాములు మించవద్దని బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చెబుతోంది. రెండు స్కోన్లు తిన్న బిడ్డ ఆ వాటాలో దాదాపు మూడో వంతు వాడేసినట్టే. పైనుంచి అమ్మమ్మ అరచెంచా ఉప్పు జల్లితే ఇంకేముంది? మన దగ్గర దొరికే ప్రాసెస్డ్ చీజ్‌లో ఉప్పు చెడ్డార్ కన్నా బాగా ఎక్కువ, దాన్ని సగానికి తగ్గించి మిగతా సగం పన్నీరు తురుము వేసుకోవడం మేలు. ఉప్పు లోటును జీలకర్ర, వాము, కొత్తిమీర, ఒక నిమ్మచుక్క కప్పేస్తాయి. చప్పగా ఉందని మనకనిపిస్తుంది. బిడ్డ నాలుకకు ఇంకా ఉప్పు అలవాటే కాలేదు.

ఏడాదిలోపు పిల్లలకు తేనె రాసి ఇవ్వకండి, ఆ వయసులో తేనెలోని బాక్టీరియా బీజాలు ప్రాణం మీదికి తెస్తాయి. తినేటప్పుడు బిడ్డ కూర్చునే ఉండాలి, పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. ఓకరించడం చూసి హడలిపోవద్దు, మొహం ఎర్రబడి చప్పుడు చేస్తూ ముక్కను తనే ముందుకు తెచ్చుకుంటాడు. చప్పుడే రాకపోతే అప్పుడు కంగారుపడాలి. గోధుమ, పాలు పడని పిల్లలకు ఈ వంట పెట్టేముందు డాక్టర్ని అడగండి.

ఓవెన్ లేదనుకునేవాళ్ళు స్కాట్లండ్ పద్ధతికి పోవచ్చు. దిబ్బరొట్టె వేసే దళసరి మూకుడు చాలు. పిండిని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన ఒత్తి, పలకలుగా కోసి, సన్నసెగ మీద మూతపెట్టి ఒక్కోవైపు ఆరేడు నిమిషాలు. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఓవెన్లో లేచినంత ఎత్తు రావు, రుచికి ఢోకా లేదు. టాటీ స్కోన్ అయితే అట్లపెనం మీద ఇంకా తేలిక: మెదిపిన దుంప రెండు కప్పులకు అరకప్పు పిండి, చెంచాడు వెన్న, అంతే.

ఆ పూటకు మిగిలినవి చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో వేస్తే రెండు నెలలు ఉంటాయి, పొద్దున ఒకటి తీసి పెనం మీద వెచ్చబెట్టి ఇవ్వొచ్చు. పిండి కలిపేటప్పుడే పిల్లవాడి వాటా తీసి పక్కనబెట్టి, మిగతాదాంట్లో సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ, కాస్త ఉప్పు వేయండి. సాయంత్రం టీలోకి పెద్దవాళ్ళవి అవే. రెండు రకాలూ ఒకే ట్రేలో కాలిస్తే కారంవాటి మీద ఒక మిర్చి ముక్క గుచ్చడం మరిచిపోవద్దు.